అత్తయ్య లెక్కపెట్టని నాలుగోది

అత్తయ్యని మంచం మీంచి చక్రాల కుర్చీలోకి మార్చాలంటే ముందు ఆవిడ ఎడమ చెయ్యి తీసి నా మెడ చుట్టూ వేసుకోవాలి. కుడి చెయ్యి పక్షవాతంతో పడిపోయింది కాబట్టి దాన్ని ఒళ్ళో పెట్టాలి, లేకపోతే మా ఇద్దరి మధ్యా నలిగిపోతుంది. నా కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు వంచి, ఊపిరి పొట్టలోకి దింపి బిగబట్టి, ఆవిడ బరువంతా నా గుండెకి ఆనించుకుని లేవాలి. నడుం వంచకూడదు. పొద్దున్న మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి స్నానాల గదికి, అక్కణ్ణించి మళ్ళీ కుర్చీకి, మధ్యాహ్నం మంచానికి, సాయంత్రం కుర్చీకి, పడుకునే ముందు మళ్ళీ మంచానికి. రోజుకి ఆరుసార్లు, ఆరేళ్ళు. మా టోంగా వాళ్ళు ఆదివారం దేవుడి రోజని తోటలో కలుపు మొక్క కూడా పీకరు. అత్తయ్యని ఎత్తడం మాత్రం పని కిందకి రాదు.

మా ఆయన పెనిసిమాని, అందరూ పెనీ అంటారు, విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించే పని చేస్తాడు. ఊరూ పేరూ తెలియని వాళ్ళ పెట్టెలు రోజుకి ఎనిమిది గంటలు ఎత్తి, ఇంటికొచ్చి, "నా నడుం పడిపోతే ఈ ఇల్లు నడిచేదెలా?" అంటూ సోఫాలో వాలిపోతాడు. అబద్ధం చెప్పడమెందుకు, మంచివాడే. తల్లి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని బైబిలు చదివేవాడు. ఒక్కసారి ఎత్తమంటే మాత్రం, "కొడుకు తల్లి ఒళ్ళు ముట్టుకుంటే ఆవిడకే పరువు తక్కువ, కలో. తెలిసి కూడా అడుగుతావేంటి?" అనేవాడు. వాళ్ళక్క మెలియామె సిడ్నీలో ఉంటుంది. మాలో అక్క తమ్ముడికంటే ఎప్పుడూ ఒక మెట్టు పైనే. మంచి చాప ఆవిడకి, పళ్ళెంలో మొదటి ముక్క ఆవిడకి, ఆవిడ నోటి నుంచి మాట వస్తే తమ్ముడు తల వంచుతాడు. ఇక తమ్ముడి పెళ్ళాం సంగతి చెప్పాలా? వదిన ఏడాదికోసారి వచ్చి, తల్లికి కొత్త దుప్పటి కప్పి, జుట్టు దువ్వి, పాటలు పాడి, నన్ను చూసి, "నీ చేతుల్లో ఎంత బలముందే కలో! దేవుడు మా అమ్మ కోసమే ఇచ్చాడు నీకు" అనేది. నా చేతులు నా కోసం కూడా ఇచ్చాడేమోనన్న ఆలోచన ఎవరికీ వచ్చినట్టు లేదు. నిజం చెప్పాలంటే చాలాకాలం నాకూ రాలేదు.

నా పూర్తి పేరు కలొలైనె. నలభై ఆరేళ్ళు. పెళ్ళైన కొత్తలోనే ఆసుపత్రి దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో చేరాను. తడిసిన దుప్పట్ల తోపుడుబండి ఎంత బరువుంటుందో అది తోసినవాళ్ళకే తెలుస్తుంది. ముప్ఫై నాలుగో ఏట నడుములో డిస్కు జారింది. ఆరు వారాలు నేల మీద పడుకుని మళ్ళీ పనికెళ్ళాను. అత్తయ్యకి పక్షవాతం వచ్చినప్పుడు వదిన ఫోన్ చేసి, "నీకెలాగూ నడుం పాడైంది కదా, ఆ ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుని అమ్మని చూసుకో" అంది. కూర్చుని! ఆ మాట ఇప్పటికీ తల్చుకుంటే నవ్వొస్తుంది, నవ్వు వెనకాలే ఏడుపూ వస్తుంది. అప్పుడు అత్తయ్య తొంభై నాలుగు కిలోలు. రెండో ఏడు స్నానాల గదిలో జారుతుంటే పట్టుకోబోయాను, ఆవిడకేం కాలేదు, నా కుడి భుజంలో నరం తెగింది. పూర్తిగా తెగలేదు, సగమే అన్నారు. సగం తెగిన భుజంతోనే ఆ సాయంత్రం మళ్ళీ ఎత్తాను. పెనీ తలుపు దగ్గర నిలబడి, "మెల్లిగా కలో, అమ్మకి దెబ్బ తగుల్తుంది" అన్నాడు.

భుజం చూపించుకోవడానికి వెళ్ళిన చోట ఫిజియో అమ్మాయి టెరినా పరిచయమైంది. ఈ దేశపు మూలవాసి, మావోరీ పిల్ల, నా మెడంత లావు ఉంటాయి దాని చేతులు. వంగమంది, లేవమంది, ఇంట్లో ఏం ఎత్తుతావని అడిగింది. చెప్పాను. "మానెయ్యమని చెప్పాలి నేను. చెప్తే మానేస్తావా?" అంది. నేను నేల వంక చూశాను. "మానలేవు కదా, అయితే సరిగ్గా ఎత్తడం నేర్చుకో" అని ఇసక నింపిన గోతం ఒకటి నా చేతుల్లో పెట్టింది. అది బలవంతుల పోటీలకి వెళ్ళే మనిషని తర్వాత తెలిసింది. పెద్ద పెద్ద టైర్లు దొర్లించడం, దుంగలు తల మీదకెత్తడం, గుండ్రటి రాళ్ళు ఎత్తి దిమ్మల మీద పెట్టడం, ఇలాంటివి ఆడవాళ్ళు కూడా చేస్తారనీ, నాలాగా నలభై దాటినవాళ్ళకి వేరే వరస ఉంటుందనీ అదే చెప్పింది. అత్తయ్య కోసమే మొదలుపెట్టాను, ఒట్టు. కానీ ఓ రోజు ఇసక గోతాన్ని భుజానికెత్తుకుని పెరడు ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి దాన్ని ధబ్బుమని కింద పడేశాను. దానికి దెబ్బ తగుల్తుందని భయపడక్కర్లేదు, క్షమాపణ చెప్పక్కర్లేదు, దాని దుప్పటి మార్చక్కర్లేదు. అలా దేన్నైనా పడేసి ఎన్నేళ్ళయిందో నాకు. అక్కడే గడ్డిలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

మా టోంగా వాళ్ళు వలస వచ్చి చేరిన మాంగరెలో మా వీధి మొత్తంలో ఏ గరాజ్‌లోనూ కారు ఉండదు. ఒకరింట్లో చుట్టాలుంటారు, ఒకరింట్లో ఆడవాళ్ళు చాపలు అల్లుతారు, ఒకరింట్లో శుక్రవారం మగవాళ్ళు మత్తుగా ఉండే కావా వేళ్ళ రసం తాగుతారు. మా గరాజ్‌లో ఫ్రీజరూ, చుట్టచుట్టిన చాపలూ తీసేస్తే ఒక మూల మిగిలింది. ఆ మూల నాదన్నాను. పెళ్ళైన ఇరవై ఏళ్ళలో ఆ ఇంట్లో ఒక చోటుని నాదనడం అదే మొదలు. ఎత్తడానికి గుండ్రాయి కొనే స్తోమత లేక నేనే పోసుకోవాలనుకున్నాను. పెరట్లో మాంసం, చేమదుంపలు కాల్చడానికి తవ్వుకున్న గుంట ఉంది కదా, అడుగు గుండ్రంగానే ఉంటుంది, అందులో ప్లాస్టిక్ పరిచి సిమెంటు పోసేశాను. పైసగం చేత్తో మెత్తాను. ఎండాక చూస్తే అది గుండ్రంగా ఎక్కడుంది, ఒక పక్క బుర్ర పెరిగిన చేమదుంపలా తయారైంది. గుంట కూడా పాడైంది. ఆ ఆదివారం మా ఇంట్లో కాల్చిన మాంసం లేదు. "మా ఇంటి ఆడవాళ్ళు చాపలు అల్లుతారు, నువ్వేమో పొయ్యిలో రాళ్ళు వండుతున్నావు" అన్నాడు పెనీ. చుట్టాలంతా పొట్ట పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చెయ్యను?

ఆ వారమే నర్సు అత్తయ్యని తూచడానికి కుర్చీతో సహా తూచే తూకం తెచ్చింది. అప్పటికి ఆవిడ తగ్గిపోవడం మొదలైంది. ఎనభై ఒకటి వచ్చింది. పన్లో పనిగా నా రాయిని కూడా తూచమన్నాను. దానికీ ఎనభై ఒకటే. అత్తయ్యకి నోరు కొంచెం వంకర పోయింది గానీ నవ్వు పోలేదు. గోడలు అదిరేలా నవ్వి, "ఓసి నీ ఇల్లు బంగారం కానూ! ఇది నా కవలపిల్లే! నాలాగే ఒక పక్క పడిపోయింది కూడానూ" అంది. ఆ రోజు నుంచి రాయి పేరు లోసలినె. అత్తయ్య సొంత పేరు.

ఇక అక్కణ్ణించి ఆవిడ నా మేస్త్రీ అయిపోయింది. పెనీ పనికెళ్ళగానే, "ఆ మంచం చూస్తే నాకు చావు గుర్తొస్తుందే, గరాజ్‌లో పెట్టు నన్ను" అనేది. కుర్చీ తీసుకెళ్ళి షట్టరు దగ్గర ఎండ పడే చోట పెట్టి, టీలో ముంచుకోవడానికి గట్టి బిస్కెట్లు ఇచ్చేదాన్ని. నేను ముందు పావుగంట రబ్బరు పట్టీతో భుజం తిప్పుకోవాలి, వేడిచేసిన గోధుమల సంచీ నడుముకి కట్టుకోవాలి, తర్వాత ఖాళీ చేతులతో ఇరవైసార్లు వంగి లేవాలి. నా ఒంట్లో ఏ కీలుకి ఆ కీలే అలిగిన చుట్టం, ఒక్కొక్కదాన్నీ బతిమాలితే గానీ పనికి రాదు. ముసలావిడకి అంత ఓపిక లేదు. "వంట మొదలెట్టకుండా ఎంతసేపు గిన్నెలు కడుగుతావే?" అనేది. రాయి జారకుండా ముంజేతులకి జిగురు పూసుకుంటాం. అదే చేతులతో ఆవిణ్ణి ఎత్తబోతే, "ఛీ, సీమపనస కాయ కోసినట్టున్నావు" అని తిట్టి, కొబ్బరినూనెతో ఎలా వదిలించుకోవాలో చెప్పేది. చిన్నప్పుడు టోంగా దీవి హాపాయ్‌లో సీమపనస చెట్లు ఎక్కిన చేతులట ఆవిడవి.

ఐదుసార్లు ఎత్తి, రెండు టైర్ల మీద పేర్చిన చెక్క మీద పెట్టడం, ఇదీ నా రోజువారీ లెక్క. నేను గోడవైపు తిరిగి ఎత్తుతాను, ఆవిడ నా వెనక నుంచి లెక్కపెడుతుంది. అయితే ఆవిడకో పద్ధతుంది. రాయిని చక్కగా ఎత్తితేనే అంకె పలికేది. నడుం వంగినా, మోకాలు వణికినా, రాయి చెక్కకి గుద్దుకున్నా నోరు మూసుకుని కూర్చునేది. "అత్తయ్యా, ఇదెన్నోది?" అంటే, "ఏది? నేను చూళ్ళేదే. అలాంటివి లెక్కలోకి రావు" అనేది. మళ్ళీ ఎత్తాలి. ఐదు అనిపించుకోవడానికి ఒక్కోరోజు ఎనిమిదిసార్లు ఎత్తేదాన్ని. పళ్ళు నూరుకునేదాన్ని గానీ, నా జన్మలో నేను చేసిన పనిని అంత శ్రద్ధగా చూసి బాగుందో లేదో చెప్పిన మనిషి ఇంకొకరు లేరు. ఇరవై రెండేళ్ళు వండాను, ఉప్పెక్కువైనప్పుడు తప్ప నోరెత్తినవాళ్ళు లేరు.

పాస్టరుగారి భార్య ఓ రోజు గరాజ్‌లోకి తొంగిచూసి, "పిల్లల్ని ఎత్తుకోవాల్సిన చేతులమ్మా, పాపం" అంది. నాకు పిల్లలు నిలవలేదు, మూడుసార్లు పోయారు. నేను రాయి వైపు తిరిగాను. అత్తయ్యే అంది. "నన్ను ఎత్తుతోందిగా, చంటిపిల్లకంటే నేనేం తక్కువ? గుడ్డలు కూడా మారుస్తోంది. నీకు కావాలా, పంపిస్తా" అంది. ఆ పాస్టరమ్మ మళ్ళీ మా గడప తొక్కలేదు. అలాగని మా అత్తాకోడళ్ళవి అమృత హృదయాలని అనుకోకండి. ఆకలేసినప్పుడు, పక్క తడిపినప్పుడు, సిగ్గేసినప్పుడు ఆవిడ నన్ను గొడ్రాలని కూడా తిట్టింది. నేను దువ్వెన విసిరికొట్టిన రోజులున్నాయి. కానీ గరాజ్‌లో మాత్రం మేము అత్తాకోడళ్ళం కాము.

రెండేళ్ళు గడిచేసరికి నా రాయి బరువు పెరుగుతూ పోయింది, ఆవిడ బరువు తరుగుతూ పోయింది. టెరినా వాళ్ళ దగ్గర అచ్చు తెచ్చుకుని వంద కిలోల రాయి పోశాను, అది గుండ్రంగా వచ్చింది. అత్తయ్య యాభై రెండుకి వచ్చింది. హామిల్టన్‌లో ఒక బడి మైదానంలో శనివారం పోటీ అని టెరినా నా పేరు రాయించింది. "మరి ఆ రోజు అమ్మని ఎవరు ఎత్తుతారు?" అన్నాడు పెనీ. అంతే, ఇంకో మాట లేదు. పోటీ ఏంటని గానీ, గెలుస్తావా అని గానీ లేదు. వదినకి ఫోన్ వెళ్ళింది. "నీ నడుమేమైనా అయితే అమ్మ గతేంటే? ఆ బలం ఇంటిది, నీ సరదాలకి కాదు" అంది వదిన. స్పీకర్లో వింటున్న అత్తయ్య, "నేను కూడా వెళ్తున్నాను. టెరినా వ్యానులో కుర్చీ పడుతుంది. కొత్త టోపీ కూడా తీసిపెట్టుకున్నాను, నువ్వు ఫోన్ పెట్టెయ్" అని అరిచింది. ఆ టోపీ నిజంగానే ఉంది. ఊదారంగు పూలది, చర్చికి పెట్టుకునేది.

పోటీకి నాలుగు రోజుల ముందు, మంగళవారం, పొద్దున్న పదిగంటలకి లోసలినె దగ్గర నిలబడ్డాను. పోటీ వారంలో బరువు తగ్గించి ఎత్తమంది టెరినా, అందుకని వందది పక్కన పెట్టి పాతదాన్నే తీశాను. అత్తయ్య ఎండలో ఉంది. ఒళ్ళో దుప్పటి, చేతిలో బిస్కెట్. ఒకసారి ఎత్తాను. "ఒకటీ" అంది. రెండోసారి ఎత్తాను. "రెండూ." మూడోసారి భుజంలో కొంచెం చురుక్కుమంది, సర్దుకుని ఎత్తాను. "మూడు" అంది, కొంచెం మెల్లగా. నాలుగోసారి ఎత్తి చెక్క మీద పెట్టాను. వెనక నుంచి అంకె రాలేదు.

బాగానే ఎత్తానే అనుకున్నాను. నడుం వంగిందేమో. "సరే, చూడు" అని, గోడవైపు నుంచి తిరగకుండానే, రాయి దింపి మళ్ళీ ఎత్తాను. ఏమీ అనలేదు. నాకు కోపం వచ్చింది. పోటీ ముందు ఇంత పట్టుదలా అని. మళ్ళీ దింపాను. కాళ్ళు సరిచూసుకుని, ఊపిరి పట్టి, నా జీవితంలో అంత చక్కగా ఎప్పుడూ ఎత్తలేదు, అలా ఎత్తాను. పూవు పెట్టినట్టు పెట్టాను చెక్క మీద. "ఇప్పుడో? ఇప్పుడేమంటావు?" అని నవ్వుతూ వెనక్కి తిరిగాను.

బిస్కెట్ కింద పడి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, నావైపే ఉన్నాయి.

గుండె ఆగిపోయిందనీ, క్షణంలో పోయిందనీ, నేను ఎప్పుడు తిరిగి చూసినా తేడా ఉండేది కాదనీ డాక్టరు తర్వాత చెప్పాడు. ఉండకపోవచ్చు. కానీ ఆవిడ లేని లోకంలో నేను రెండుసార్లు రాయి ఎత్తాను, ఆవిడ మెప్పు కోసం. అది ఏ డాక్టరు తీసెయ్యగలడు? దగ్గరికి పరిగెత్తి, పిలిచి, చెంపలు తట్టి, ఫోన్ చేసి, ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచక, చేతులకి అలవాటైన పనే చేశాను. ఆవిడ ఎడమ చెయ్యి తీసి నా మెడ చుట్టూ వేసుకున్నాను. అది నిలవలేదు, జారిపోయింది. మళ్ళీ వేసుకున్నాను. ఎప్పుడూ ఆవిడ ఎంతోకొంత పట్టుకునేది, ఆ కాస్త పట్టూ ఎంత సాయమో అప్పుడే తెలిసింది. యాభై రెండు కిలోలే. లేస్తుంటే కుడి భుజంలో తడిగుడ్డ చింపినట్టు చప్పుడైంది. వదల్లేదు. మంచం దాకా తీసుకెళ్ళి పడుకోబెట్టాను. ముంజేతుల జిగురు ఆవిడ గౌనుకి అంటుకుంది.

పెనీ వచ్చి తల్లిని చూసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడుపయ్యాక జరిగింది చెప్పాను. "ఎవరితోనూ అనకు కలో. అమ్మ గరాజ్‌లో రాళ్ళ దగ్గర పోయిందంటే మొహాలెక్కడ పెట్టుకుంటాం? మంచంలో పోయింది. ప్రార్థన చేస్తుంటే పోయింది. చాలు" అన్నాడు. ఆవిడకి ఆ మంచమంటే ఎంత అసహ్యమో గుర్తొచ్చి నోరు తెరవబోయాను. నేనే కదా తీసుకొచ్చి అందులో పడుకోబెట్టాను? నోరు మూసుకున్నాను.

ఆ తర్వాత వారమంతా చావింటి పని. వదిన సిడ్నీ నుంచి దిగింది, ఆవిడ వెనకాల చావింటి కానుకలుగా నేత చాపల కట్టలు దిగాయి. అత్తయ్య తల దగ్గర వదిన, వదిన తరఫు వాళ్ళు కూర్చున్నారు. స్నానం చేయించింది వాళ్ళే, నూనె రాసింది వాళ్ళే, బట్ట కట్టింది వాళ్ళే. మెట్టు తక్కువవాళ్ళం, మేము సంతాపానికి గుర్తుగా చంకల దాకా వచ్చే పాత చిరుగు చాపలు చుట్టుకుని వెనక పెరట్లో పొయ్యిల దగ్గర ఉన్నాం. అత్తయ్య వీపు మీద ఎడమ పక్కన పుట్టుమచ్చ ఉంది, దాని దగ్గర రుద్దితే ఆవిడకి చక్కిలిగింత. ఆ సంగతి వాళ్ళకి తెలియదు. చెప్పడానికి గుమ్మం దాకా వెళ్ళాను. "కలో, టీ అయిందా?" అన్నారు ఎవరో. గాలి జోరుగా ఉందని టెంటు తాళ్ళు కట్టడానికి మగవాళ్ళు నా రాళ్ళు బయటికి దొర్లించుకొచ్చారు. "ఇన్నాళ్ళకి కలో రాళ్ళు పనికొచ్చాయిరా" అని ఎవరో అంటే, ఏడుపు మధ్యలో కూడా నవ్వారు. లోసలినెని వంటవైపు మూలకి కట్టారు. నేను దాని పక్కనే కూర్చుని ఎడమ చేత్తో చేమదుంపల తొక్క తీశాను. కుడి చెయ్యి చాప కింద దాచుకున్నాను. ఒక్కరూ గమనించలేదు.

శనివారం పదకొండు గంటలకి హామిల్టన్‌లో మైకులో నా పేరు పిలిచే వేళకి శవపేటిక ఇంట్లోంచి బయటికొచ్చింది. ఆరుగురు మగవాళ్ళు పట్టుకున్నారు, పెనీ ముందున్నాడు. తల్లి ఒళ్ళు ముట్టుకోలేని కొడుకు తల్లి పెట్టెని ముట్టుకోవచ్చు. మెట్ల దగ్గర ఒకడు నడుం వంచి ఎత్తబోయాడు, పెట్టె ఓ పక్కకి ఒరిగింది. "మోకాళ్ళు వంచరా" అన్నాను, పొయ్యిల దగ్గర్నుంచి ఎవరికీ వినపడలేదు. ఆరేళ్ళు రోజుకి ఆరుసార్లు ఎత్తిన మనిషిని ఆఖరుసారి ఎవరో ఎత్తుతుంటే గరిటె పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. ఆవిడ చూస్తే ఆ ఎత్తడాన్ని లెక్కపెట్టి ఉండేది కాదు. చర్చిలో పెనీ మాట్లాడాడు. అమ్మ తన మంచంలో, చేతులు జోడించి, "ప్రభువా" అంటూ కన్నుమూసిందన్నాడు. ఆవిడ కుడి చెయ్యి లేవదు, ఎలా జోడిస్తుందని ఒక్కరికైనా తోచలేదు. వదిన గుండెలు బాదుకుని ఏడ్చింది. నాకు వదిన మీద జాలేసింది. ఆ ఒక్క అబద్ధమే కదా ఆవిడకి దక్కింది తల్లి నుంచి.

సోమవారం టెరినా దగ్గరికి వెళ్ళాను. ఫోటోలు తీయించి, నరం పూర్తిగా తెగిందనీ, కోసి కుట్టాలనీ, రాయి ముట్టుకోవడానికి తొమ్మిది నెలలు పడుతుందనీ చెప్పించింది. "వందదానితో తెగిందా?" అంది. కాదన్నాను. ఎంత బరువని అడిగింది. చెప్పాను. అది అంత లావు చేతులు చాచి నన్ను దగ్గరికి తీసుకుంది, ఇద్దరం ఏడ్చాం.

పదో రోజు ప్రార్థన అయ్యాక టెంటు విప్పుదామని మగవాళ్ళు లేచారు. వదిన నన్ను పిలిచి, తన పక్కన, మంచి చాప మీద కూర్చోమంది. ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ కూర్చోబెట్టలేదు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

"అమ్మకి అంత ప్రశాంతమైన చావు వచ్చిందంటే నీ చలవే కలో" అంది నా చెయ్యి పట్టుకుని. "అందుకే ఆలోచించాను. టోంగాలో, నుకుఅలోఫా ఊళ్ళో సెమిసి బాబాయ్‌కి కూడా పక్షవాతం కదా, అక్కడ చూసేవాళ్ళు లేరు. వీసా సంగతి నేను చూస్తాను. అమ్మ మంచం ఎలాగూ ఖాళీగా ఉంది. ఆయనకి కూడా అలాంటి చావే రావాలి."

సెమిసి బాబాయ్ నూట ఇరవై కిలోలుంటాడు. కొడుకు తల్లి ఒళ్ళు ముట్టుకోకూడదు గానీ, కోడలు పరాయి మగవాడికి స్నానం చేయించవచ్చు. పెనీ వైపు చూశాను. అక్క మాట అయ్యాక తమ్ముడికి మాట ఉండదు. అయినా నా మీద ప్రేమతోనే ఒక దారి తెరవబోయాడు.

"అక్కా, కలోకి భుజం బాగాలేదు. కాస్త బాగయ్యాక..."

"బాగయ్యాక కూడా ఎత్తను" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా ఉంది. వదిన నా చెయ్యి వదిలేసింది. టెంటు తాళ్ళు విప్పుతున్నవాళ్ళు ఆగారు. మాలో ఇలాంటి మాట ఎవరూ అనరు. అన్నవాళ్ళని నేను చూడలేదు.

"ఏమన్నావ్?"

"ఎత్తను వదినా. బాబాయ్‌ని తెచ్చుకోండి, పెనీ ఎత్తుతాడు, మీరు ఎత్తండి. నేను నేర్పిస్తాను. ఎత్తను మాత్రం."

"మా అమ్మని అంత బాగా చూసినదానివి..."

"మీ అమ్మ మంచంలో పోలేదు." పెనీ "కలో" అన్నాడు, బతిమాలుతున్నట్టు. నేను ఆగలేదు. "గరాజ్‌లో పోయింది. ఎండలో కూర్చుని, బిస్కెట్ తింటూ, నేను రాయి ఎత్తుతుంటే లెక్కపెడుతూ పోయింది. ప్రభువా అనలేదు. మూడు అంది. అదే ఆవిడ ఆఖరి మాట."

వదిన మొహం తెల్లబోయింది. "నువ్వేం చేస్తున్నావ్? మా అమ్మ ప్రాణం పోతుంటే నువ్వు చూళ్ళేదా?"

"చూళ్ళేదు" అన్నాను. ఆ మాట అనడానికి వంద కిలోలు ఎత్తినంత పనైంది. "వెనక్కి తిరగలేదు. నాలుగోది సరిగ్గా ఎత్తలేదని లెక్కపెట్టలేదనుకున్నాను. ఇంకో రెండుసార్లు ఎత్తాను. అంతసేపూ ఆవిడ నా వెనక ఒక్కతే ఉంది. మీరెంత తిట్టినా నన్ను నేను తిట్టుకున్నంత తిట్టలేరు. తిట్టండి."

వదిన తిట్టలేదు. చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చింది, చర్చిలో ఏడ్చిన ఏడుపు కాదది, చప్పుడు లేనిది. ఏడుస్తూనే, "ఆ ఊదా టోపీ పెట్టుకుందా?" అని అడిగింది.

"లేదు. శనివారానికని దాచుకుంది."

లేచాను. వంటవైపు మూలకి వెళ్ళి, వంగకుండా మోకాళ్ళ మీద కూర్చుని, లోసలినెకి కట్టిన తాడు ఎడమ చేత్తో, పళ్ళతో విప్పాను. టెంటు ఓ మూల కిందకి జారింది, ఎవరో పరుగున వచ్చి పట్టుకున్నారు. ఒక పక్క పెరిగిన రాయి కదా, తిన్నగా దొర్లదు, ప్రతి చుట్టుకీ నా కాలి మీదకి ఒరుగుతుంది. మధ్యలో పెనీ వచ్చి చెయ్యి వెయ్యబోయాడు. వద్దన్నాను. కాలితో తోసుకుంటూ, ఆగుతూ, గరాజ్‌లో నా మూలకి చేర్చాను. అత్తయ్య కుర్చీని నా వెనక షట్టరు దగ్గర కాకుండా నాకు ఎదురుగా పెట్టుకున్నాను. తొమ్మిది నెలలు పడుతుందట. ఎన్ని పడితే అన్ని పట్టనీ. ఈసారి ఆ కుర్చీకి వీపు పెట్టి నిలబడను. ఒకటి నుంచి కాదు, నాలుగు నుంచి మొదలుపెడతాను.